ఆసుపత్రిని చెక్కతో కడతానంటున్నావు కదా, ముందు ఇవి చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నీ డ్రాయింగులు చూశానమ్మా. వార్డులు, థియేటర్లు, స్కానింగ్, అన్నీ మాస్ టింబరే (చెక్క పలకలను అతికించి చేసే లావుపాటి దూలాలు, ప్యానెళ్లు). చెక్కంటే నాకూ ఇష్టమే, కానీ భవనమంతా ఒకే మెటీరియల్ ఉండాలన్న పట్టుదల మాత్రం వదిలెయ్. ఎక్కడ చెక్క, ఎక్కడ కాంక్రీటు అన్నది తేల్చుకోవడమే ఇక్కడ అసలు డిజైన్.

అందరూ ముందు మంటల గురించే అడుగుతారు. లావుపాటి దూలం అంటుకుంటే పైన బొగ్గు పొర కడుతుంది, లోపలి చెక్కకు వేడి తగలకుండా ఆ పొరే అడ్డుపడుతుంది. యూరప్ ప్రమాణాల్లో మెత్తటి చెక్కకు నిమిషానికి సుమారు 0.65 మి.మీ. చొప్పున కాలుతుందని లెక్క, అంటే గంటకు దాదాపు 40 మి.మీ. అయితే వెంటిలేటర్ మీదున్న మనిషి మెట్లు దిగి పరిగెత్తలేడు కదా, అదే అంతస్తులో పక్క విభాగానికి జరపాలి, అంతసేపూ భవనం నిలబడాలి. అమెరికా 2021 భవన నిర్మాణ కోడ్ 18 అంతస్తుల వరకు చెక్క భవనాలను ఒప్పుకుందని చూసి సంబరపడకు, ఆసుపత్రులకు ఆ పరిమితి చాలా తక్కువ. చాలా చోట్ల జిప్సమ్ బోర్డు కప్పాల్సిందే. జాయింట్లలోని స్టీలు ప్లేట్లను కూడా చెక్క లోపలికే పెట్టు, బయటికి ఉంటే ముందు అవే మెత్తబడతాయి.

నాకు మంటకంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది కంపనం. కాంక్రీటు బరువులో చెక్క ఐదో వంతే, పునాదికి అది వరమే గానీ, కారిడార్లో ఎవరైనా ట్రాలీ తోసుకుంటూ వెళ్తే ఆ అదురు పక్క గదిలో మైక్రోస్కోపు పెట్టి సర్జరీ చేస్తున్న డాక్టరు దాకా పోతుంది. థియేటర్లు, ఎంఆర్ఐ కాంక్రీటు భాగంలోనో, నేల మీదో పెట్టు. వార్డుల్లో స్పాన్ (ఆధారాల మధ్య దూరం) తగ్గించి, చెక్క నేల పైన కాంక్రీటు టాపింగ్, అంటే పలుచటి పొర, వెయ్యి, శబ్దం కూడా తగ్గుతుంది. ఎక్స్‌రే గదికి చెక్క గోడ రేడియేషన్‌ను ఆపదు, సీసం షీటు కావాలి.

పైపుల సంగతి ఇంకా పెద్దది. ఆక్సిజన్, వాక్యూమ్, ఏసీ డక్టులు, డ్రైనేజీ, వీటన్నిటికీ రంధ్రాలు ఫ్యాక్టరీలోనే పడాలి. సర్వీసుల డ్రాయింగు ఆలస్యమైతే ఏమవుతుందో తెలుసా, ప్లంబర్ డ్రిల్లు పట్టుకుని దూలం మధ్యలో, కింది అంచుకు దగ్గర్లో, అంటే లాగుడు బలం ఎక్కువగా ఉన్న చోటే కన్నం పెట్టేస్తాడు! కాబట్టి స్తంభాల గ్రిడ్, అంటే ఏ స్తంభం ఎక్కడ వస్తుందో, తేల్చకముందే సర్వీసుల ఇంజినీరును కూర్చోబెట్టుకో. కొన్నేళ్లకోసారి మెషీన్లు మారుతూనే ఉంటాయి గనక కొన్ని ఓపెనింగులు ఖాళీగానూ వదులు.

కట్టేటప్పుడు వాన పడితే ప్యానెల్ అంచులు నీళ్లు పీల్చేస్తాయి, తేమ 20 శాతం దాటి ఎక్కువ కాలం ఉంటే బూజు, కుళ్లు ఖాయం. అంచులు సీల్ చేయించు. వార్డు బాత్రూముల కింద లీకు బయటపడే ఏర్పాటు తప్పకుండా ఉండాలి.

చెక్క కనిపించాలంటే లాబీలో, సీలింగులో, చెయ్యి తగలని చోట వదులు. రోజూ క్రిమిసంహారకాలతో తుడిచే గోడలకూ, సింకుల దగ్గరా వద్దు. చెక్క చూస్తే రోగులు త్వరగా కోలుకుంటారని క్లయింటుకు మాటివ్వకు. అందరూ చెప్పే, రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఆసుపత్రి రోగుల మీద చేసిన 1984 నాటి అధ్యయనం కిటికీలోంచి చెట్లు కనిపించడం గురించి, గోడకున్న చెక్క గురించి కాదు.

గ్రిడ్ మార్చాక ప్యానెల్ సైజులతో సహా మళ్లీ పంపు, చూస్తాను.