రోజంతా బరువులు మోసేవాళ్ళకు చిగుళ్ళ జబ్బు ఎందుకొస్తుంది?

రోజూ బరువులు మోస్తున్నా చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, వ్యాయామం చేస్తే చిగుళ్ళు బాగుంటాయన్న మాట నిజమేనా అని అడిగారు. నేనూ గోడౌన్‌లో లోడింగ్ పని చేసినవాణ్ణే, ఇప్పుడు అక్కడే సూపర్‌వైజర్ని. డాక్టర్ని మాత్రం కాను.

ఆ మాటలో నిజముంది. వ్యాయామం చేసేవాళ్ళలో చిగుళ్ళ జబ్బు తక్కువగా కనిపిస్తుంది. కానీ ఆ వ్యాయామం ఎక్కువగా తీరిక వేళల్లో చేసే నడక, పరుగు, ఆటలు. నడకకు వెళ్ళినవాడు అలసిపోతే ఆగుతాడు. లోడింగ్‌లో ఆగేది మనం కాదు, లారీ ఖాళీ అయితేనే పని ఆగుతుంది. ఒళ్ళు కోలుకునేలోపే మళ్ళీ షిఫ్ట్. గుండె జబ్బుల మీద పనిచేసే పరిశోధకులు ఈ తేడాను ఎప్పటినుంచో చెబుతున్నారు.

చిగుళ్ళ జబ్బు పాచితో మొదలవుతుంది. వాపు ఏళ్ళ తరబడి అలాగే ఉంటే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది, అది పూర్తిగా తిరిగి రాదు. వ్యాయామం వల్ల ఒంట్లో వాపు గుణం తగ్గుతుంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. షుగర్‌కీ చిగుళ్ళకీ గట్టి లంకె ఉంది కాబట్టి ఆ దారిలో కొంత మేలు. అయితే పాచి గట్టిపడి పట్టిన గార తీయించకుండా నడక మొదలుపెడితే కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే.

నా చిగుళ్ళు బాగుపడింది ప్రమోషన్ వచ్చాకే. నడకా అప్పుడే మొదలైంది కాబట్టి అందరూ నడక మహిమే అన్నారు. కానీ అప్పుడే రాత్రి షిఫ్టులు పోయాయి, నిద్ర కుదిరింది, సిగరెట్ మానేశాను. అన్నిటికన్నా ముఖ్యం, జీతం కోత లేకుండా డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళే వీలొచ్చింది. ఇన్ని మారితే నడక ఒక్కదాని మెడలోనే దండ వేయడం అన్యాయం. సర్వేల్లోనూ ఇదే చిక్కు. సాయంత్రం జిమ్‌కెళ్ళే తీరిక ఉన్నవాడికే పళ్ళు చూపించుకునే తీరికా ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు 100 కోట్లకు పైనే. ఏ దేశంలో చూసినా ఆదాయం, చదువు తక్కువ ఉన్నవాళ్ళ మీదే దీని భారం ఎక్కువ. జబ్బు ముదిరితే ఒక్కసారి వెళ్తే సరిపోదు, శుభ్రం చేయించాక కూడా కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి. ఏపూట కూలి ఆపూటే అయినవాడు అన్నిసార్లు ఎలా వెళ్తాడు? పైగా అతన్నే బద్ధకస్తుడంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మీరు ముందు చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలిపించుకోండి. 3 మిల్లీమీటర్ల వరకు పర్వాలేదు, 4 గానీ ఆపైన గానీ ఉంటే వాయిదా వేయకండి. ఒకే రోజు ఎంత పని కుదిరితే అంత చేయమని డెంటిస్ట్‌నే అడగండి, అడగడంలో తప్పులేదు. స్కేలింగ్ (అంటే గార తీయడం) చేస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. గార పోయాక సందులు కనిపిస్తాయి, అంతే.

రాత్రి షిఫ్ట్ అయితే 'రాత్రి బ్రష్' అంటే పడుకునే ముందు బ్రష్ అనుకోండి, అది పొద్దున తొమ్మిదింటికైనా సరే. పళ్ళ సందుల్లోకి చిన్న బ్రష్ వాడండి. షుగర్ టెస్ట్ కూడా చేయించుకోండి.

పొగ తాగే అలవాటుంటే ఒక విషయం. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి రక్తం తక్కువ కారుతుంది, జబ్బు మాత్రం లోపల ముదురుతుంది. నేను మానేసిన కొత్తలో రక్తం ఎక్కువై టెన్షన్ పడ్డాను. అది చిగుళ్ళు తేరుకుంటున్న గుర్తేనని డెంటిస్ట్ చెప్పారు.

ఇక విడిగా నడవాలా అంటే, సెలవు రోజున హాయిగా అనిపిస్తే నడవండి. ఒళ్ళు హూనమై ఉంటే పడుకోండి. పళ్ళు కదులుతున్నా, చీము కనిపిస్తున్నా మాత్రం సెలవు కోసం చూడకుండా వెళ్ళండి.