గిటార్ రికార్డింగ్ కోసం లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 28. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి రూ.42,000 వస్తుంది. అద్దె వాటా, భోజనం, ప్రయాణాలకు రూ.20,000, ఊళ్లో అమ్మానాన్నలకు రూ.10,000, ఫోన్ ఈఎంఐకి రూ.3,200 పోతాయి. ఫోన్ ఈఎంఐ ఇంకో ఐదు నెలలు ఉంది. బ్యాంకులో రూ.18,000 ఉన్నాయి. అకూస్టిక్ గిటార్ వాయిస్తాను, ఇంట్లోనే రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టి సంపాదించాలని ఉంది. రెండు మైకులు, మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, స్పీకర్లు, ల్యాప్‌టాప్, గోడలకు ఫోమ్ అన్నీ కలిపి రూ.1.6 లక్షలు అవుతోంది. ఒక యాప్‌లో 16 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ అప్రూవ్ అయింది, ఆదివారం వరకే గడువట. అది తీసుకోవాలా, కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. కెమెరా కోసం ఒకరు, డ్రోన్ కోసం ఒకరు, కేక్ అవెన్ కోసం ఇంకొకరు ఇదే ప్రశ్న అడుగుతూనే ఉన్నారు, అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను. అందరూ చేస్తున్న తప్పు ఒకటే. ఇంకా రాని ఆదాయాన్ని నమ్ముకుని అప్పు చేస్తున్నారు. యూట్యూబ్‌లో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ వస్తేగానీ, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ వస్తేగానీ ప్రకటనల డబ్బు మొదలవదు. మీ ఈఎంఐ మాత్రం వచ్చే నెలే మొదలవుతుంది. నెలకు సుమారు రూ.5,625 చొప్పున 36 నెలలు, అంటే కట్టేది రూ.2 లక్షలు దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం.

మీ లెక్క మీరే చూడండి. ఇప్పుడు నెలకు మిగిలేది రూ.8,800. లోన్ తీసుకుంటే అది రూ.3,200 దగ్గరికి పడిపోతుంది, వెనక ఉన్నది రూ.18,000. మీ నెల ఖర్చే రూ.33,200. జీతం ఒక్క నెల ఆగితే, నాన్నగారిని ఒక్కసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, ఏం చేస్తారు? మళ్లీ అదే యాప్ దగ్గరికి వెళతారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, అది చాలక మూడోది, చివరికి గిటార్‌తో సహా అన్నీ సగం ధరకు అమ్ముకున్న వాళ్లను నేను చూశాను. నా దగ్గరికి వచ్చే ఏ కేసులో చూసినా, అత్యవసర నిధి లేని చోటే చిన్న కష్టం పెద్ద అప్పుగా మారుతోంది.

నో కాస్ట్ అన్న మాట నమ్మకండి. వడ్డీ సున్నా అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది. పైకి కనిపించని ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోకే వస్తాయి, కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు 3 శాతం పైనే వడ్డీ పడుతుంది. బంగారం తాకట్టు ఆలోచన ఉంటే అదీ మానుకోండి.

ఇక రికార్డింగ్ సంగతి. నేనూ ఇంట్లో గిటార్ వాయిస్తాను కాబట్టి చెబుతున్నా, మీ లిస్టులో సగం మీకిప్పుడు పనికిరావు. ఖాళీ గోడల అద్దె గదిలో చిన్న శబ్దాన్నీ పట్టేసే మంచి కండెన్సర్ మైక్ పెడితే అది గిటార్‌తో పాటు గది మోతను, వీధిలో హారన్లను, పక్కింటి కుక్కర్ విజిల్‌ని కూడా అంతే శుభ్రంగా పట్టుకుంటుంది. పల్చటి ఫోమ్ బయటి శబ్దాన్ని ఆపదు, బేస్ మోతనూ తగ్గించదు. ఇంట్లో ఉన్న రెండు బొంతలు మీ వెనక, పక్కన వేలాడదీయండి, బట్టల బీరువా తలుపులు తెరిచి పెట్టండి, ఫ్యాన్ ఆపండి, రాత్రి వీధి సద్దుమణిగాక కూర్చోండి. ఈఎంఐ కడుతున్న ఆ ఫోనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గిటార్ మెడ మీది 12వ ఫ్రెట్‌కు (అడ్డంగా ఉండే లోహపు గీతల్లో పన్నెండోదానికి) ఎదురుగా ఒక అడుగు దూరంలో నిలబెట్టండి. గిటార్ మధ్యలోని గుండ్రటి రంధ్రానికి, అంటే సౌండ్ హోల్‌కు సూటిగా పెడితే బుమ్మని మోగుతుంది, రెండంగుళాలు అటూ ఇటూ జరిపి విని చూసుకోండి. శబ్దాన్ని కుదించకుండా వేవ్ (WAV) ఫైల్‌గా రికార్డ్ చేసే యాప్ వాడండి, శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించే ఆటోమేటిక్ లెవెల్ ఆపే వీలుంటే ఆపేయండి. ఎడిటింగ్‌కు మీకు అందుబాటులో ఉన్న ఏ పాత కంప్యూటర్‌లోనైనా అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. డబ్బు పెట్టాల్సింది ఒక్క కొత్త స్ట్రింగ్స్ సెట్‌కే. పాత తీగలతో లక్ష రూపాయల మైక్ ముందు వాయించినా శబ్దం మొద్దుగానే ఉంటుంది.

మిగిలే రూ.8,800లో రూ.7,000 జీతం పడ్డ మర్నాడే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. ఆ ఖాతాకు కార్డు, యూపీఐ ఏవీ ఉండకూడదు. ఐదు నెలల తర్వాత ఫోన్ ఈఎంఐ అయిపోతుంది కదా, ఆ రూ.3,200 కూడా అందులోకే. ఇప్పుడు బ్యాంకులో ఉన్న రూ.18,000తో కలిపి తొమ్మిది నెలలు తిరిగేసరికి రూ.90,000 దాటుతుంది, అంటే అప్పటి మీ మూడు నెలల ఖర్చు. అక్కడ ఆపకండి, ఆరు నెలల ఖర్చు వచ్చేదాకా నడపండి. మిగతా రూ.1,800 గిటార్‌ది. అది కూడా తొమ్మిది నెలలకు రూ.16,000 అవుతుంది, దాంతో ఒక చిన్న ఇంటర్‌ఫేస్, ఒక మామూలు కండెన్సర్ మైక్ నగదుతో కొనుక్కోవచ్చు. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైక్‌కు అందే కరెంటు) ఉన్న ఇంటర్‌ఫేస్ చూసుకోండి, లేకపోతే కండెన్సర్ మైక్ పనిచేయదు. సెకండ్ హ్యాండ్‌వి వాయించి విని కొంటే ఇంకా మేలు. ఈలోగా ఏదైనా పాట మరీ బాగా రావాలనిపిస్తే స్టూడియోలో గంట అద్దెకు తీసుకోండి.

అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. మీ ఆఫీసు పాలసీలో వాళ్లు ఉన్నారేమో రేపే అడగండి. లేకపోతే విడిగా తీసుకోండి, షుగర్, బీపీ లాంటివి ముందే ఉంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ మూడేళ్ల వరకు ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. ప్రీమియం కోసం నిధి ఒకట్రెండు నెలలు వెనక్కి జరిగినా పర్వాలేదు.

యాప్ ఆఫర్ ఆదివారం పోతే పోనివ్వండి. ఈ జవాబు చదివేలోపే డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే ఒక్క రూపాయీ ఖర్చు చేయకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్లకు కూలింగ్ ఆఫ్ గడువు, అంటే జరిమానా లేకుండా లోన్ వెనక్కి ఇచ్చేసే గడువు ఉంటుంది, అది మీ లోన్ పత్రంలో ఎన్ని రోజులని రాసి ఉందో చూసి, ఆలోపే అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి బయటపడండి.