బీటీఆర్ఎఫ్ఎస్ రెయిడ్1లో మూడు డిస్కుల్లో ఒకటి పోయింది: కొత్తది వచ్చేదాకా ఆగాలా, ఉన్న రెండింటితో నడపొచ్చా?

నడపొచ్చండీ. బీటీఆర్ఎఫ్ఎస్ అంటే లినక్స్‌లో వాడే ఒక ఫైల్‌సిస్టమ్, రెయిడ్1 అంటే అందులో ప్రతి డేటానీ రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచడం. కానీ మీ 4 టీబీ డిస్కుల్లో ఆ మూడోది నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకోండి.

మా బావగారి ఫొటో స్టూడియోలో సర్వర్ నేనే చూస్తుంటాను. అక్కడ కూడా ఒక డిస్క్ కాసేపు కనపడేది, కాసేపు మాయమయ్యేది. డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌లో 5, 197 నంబర్ల దగ్గర సున్నాలే, 199 మాత్రం పెరుగుతూ పోతోంది. మొదటి రెండూ డిస్క్‌లోని చెడ్డ సెక్టార్ల లెక్క. 199 పెరిగితే డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడుతోందన్నమాట. సాటా కేబుల్ మార్చాం, డిస్క్ నిలబడింది. అది లేని సమయంలో రాసినవి అందులో ఉండవు కాబట్టి వెంటనే స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే పని) నడిపాను. చెక్‌సమ్ (డేటా చెడలేదని సరిచూసుకునే సంఖ్య) కలవని చోటల్లా రెండో కాపీ నుంచి సరిచేసుకుంది. నోడేటాకౌ (ఉన్న చోటే తిరగరాసే సెట్టింగ్) పెట్టిన వర్చువల్ మెషీన్ ఫైళ్లుంటే మాత్రం జాగ్రత్త, వాటికి చెక్‌సమే ఉండదు.

నిజంగానే పోయిందనుకుందాం. డిగ్రేడెడ్ (డిస్క్ తక్కువైనా తెరవమనే) ఆప్షన్‌తో చేత్తోనే మౌంట్ చేయండి, ముందు రీడ్ ఓన్లీగా. ముఖ్యమైనవి బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ ఆప్షన్‌ని ఎఫ్ఎస్‌టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చేయాలో రాసుండే ఫైల్) రాయమని చాలామంది చెబుతారు, నేనైతే వద్దంటాను. కొత్తది పెట్టాక రేపు ఇంకో డిస్క్ పోయినా సర్వర్ చప్పుడు లేకుండా బూట్ అయిపోతుంది, మీకు తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి.

బీటీఆర్ఎఫ్ఎస్ రెయిడ్1లో డిస్కులు ఎన్నున్నా కాపీలు రెండే. మీకు మూడింటి మీద 6 టీబీ చోటు వచ్చేది, ఇప్పుడు రెండింటి మీద 4. డేటా అంతకంటే బాగా తక్కువుంటే 'డివైస్ రిమూవ్ మిస్సింగ్' కొట్టొచ్చు, పోయిన కాపీలు మిగిలిన రెండింట్లో మళ్లీ తయారవుతాయి. అయితే కొత్త డిస్క్ రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుందంటే ఆ పని పెట్టుకోకండి. తర్వాత దాన్ని యాడ్ చేసి బ్యాలెన్స్ (డేటాని డిస్కులన్నిటికీ మళ్లీ పంచడం) కొట్టాలి, అంటే అదే డేటాని రెండుసార్లు కదిలించడం. సర్వర్ ఆపేసి ఆగండి, రాగానే 'రీప్లేస్' కొట్టండి. పాత డిస్క్ పేరు బదులు దాని డివైస్ ఐడీ ఇవ్వాలి. ఫైల్‌సిస్టమ్ షో కొడితే వచ్చే వరసలో ఏ నంబర్ లేదో అదే. పాత డిస్క్ కొనప్రాణంతో ఉంటే '-ఆర్' కూడా చేర్చండి, వీలైనంతవరకు మిగతా డిస్కుల నుంచే చదువుకుంటుంది. కొత్తది 4 టీబీ కంటే పెద్దదైతే అయ్యాక అదే ఐడీతో రీసైజ్ మ్యాక్స్ ఇవ్వాలి, లేకపోతే అదనపు చోటు వాడుకోదు.

రెండే డిస్కులున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఒక్క డిస్క్‌తో రాస్తున్నప్పుడు కొత్త డేటా సింగిల్‌గా, అంటే ఒకే కాపీగా పడే అవకాశం ఉంది. రీప్లేస్ అయ్యాక డేటాకీ మెటాడేటాకీ (ఫైల్‌సిస్టమ్ సొంత లెక్కలు) సాఫ్ట్ ఫిల్టర్‌తో (ఇప్పటికే రెయిడ్1లో ఉన్నవాటిని వదిలేస్తుంది) రెయిడ్1కి కన్వర్ట్ బ్యాలెన్స్ తప్పనిసరి. కెర్నల్ 4.14 కంటే పాతదైతే ఇంకా జాగ్రత్త, అలా రాసిన తర్వాత రెండోసారి రీడ్ ఓన్లీగా తప్ప మౌంట్ అవ్వనివ్వదు.

అంతా అయ్యాక ఒక్కో డిస్క్ ఎర్రర్ల లెక్క చూపే డివైస్ స్టాట్స్‌ని '-జడ్'తో సున్నా చేయండి. ఆ లెక్కలు వాటంతటవి తగ్గవు, పాతవి అలాగే ఉంటే కొత్త ఎర్రర్ వచ్చినా కనిపెట్టలేరు.