మ్యాట్ మీదికి పోచంపల్లి బట్ట వద్దు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. వచ్చే నెల మిర్యాలగూడలో పెళ్లి రిసెప్షన్‌కు నిన్ను పిలిచారట, టేబుల్ టేబుల్‌కూ తిరిగి మ్యాజిక్ చేయడానికి నువ్వు ఒప్పుకున్నావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల పత్తాలు, అదే పేకముక్కలు, పట్టుకొని నలుగురిలో కూర్చుంటానంటే మీ నాయనమ్మ బయటి తలుపుకు గడియ పెట్టేది. ఇప్పుడు ఆమె కొడుకే నీ చేతివాటం గురించి గంటసేపు చెప్తున్నాడు. వింటుంటే కడుపు నిండిపోయింది.

కానీ చివర్లో ఇంకో మాట అన్నాడు. బల్ల మీద పరిచి పత్తాలు, బిళ్లల మ్యాజిక్ చేసే మ్యాట్ కొనకుండా నువ్వే చేసుకుంటున్నావట, పైన వేయడానికి పోచంపల్లి సిల్కు తెచ్చుకున్నావట. ఇంకా అతికించలేదు కదా? ఈ ఉత్తరం చదివేదాకా జిగురు డబ్బా మూత తీయకు.

మ్యాట్ ఎందుకని నిన్ను అడిగితే అందంగా ఉంటుందనో, బ్యాగులోంచి తీసి పరిస్తే ప్రొఫెషనల్‌గా కనిపిస్తుందనో అంటావు. అది ఆఖరి సంగతి. ముందు ఒక పని చెయ్యి. మీ ఇంట్లో గ్లాసు టీపాయ్ మీద పది రూపాయల బిళ్ల పెట్టి ఒంటి చేత్తో తియ్యి. గోరు జారుతుంది, బిళ్ల నాలుగుసార్లు టకటకమంటుంది, చివరికి అంచుదాకా ఈడ్చుకొచ్చి తీస్తావు. అదే బిళ్లను మెత్తటి మ్యాట్ మీద పెట్టి అవతలి అంచును వేలితో నొక్కు. ఆ అంచు కిందికి దిగుతుంది, నీ వైపు అంచు పైకి లేస్తుంది, బొటనవేలు దాని కిందికి దూరిపోతుంది. చప్పుడే ఉండదు. పత్తాలూ అంతే. నున్నటి బల్ల మీద ఒక్క ముక్కను ఎత్తాలంటే గోకాలి, మెత్త మీద వేలు పెడితే చాలు. మ్యాట్ నీ వేళ్ల కోసం. ఆ తర్వాత ఎదుటివాళ్ల కళ్ల కోసం. దాన్ని ఎవరూ చూడకూడదు, దాని మీద ఉన్నదాన్ని చూడాలి.

మీ బాపు నీకు చెప్పని సంగతి ఒకటుంది. నేను చెప్పనా అని అడిగితే, “చెప్పు అన్నా, నా నోటితో నేను చెప్పలేను” అన్నాడు. అందుకే రాస్తున్నాను.

మేమిద్దరం నల్గొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ, బడుల వార్షికోత్సవాలకూ మ్యాజిక్ చేసే రోజులవి. అప్పటిదాకా మా మ్యాట్ అంటే కారు సీట్ కవర్ల షాపులో కోయించుకున్న స్పంజి, దాని మీద ఆకుపచ్చ ఉన్ని బట్ట. మీ బాపుకు అది నచ్చేది కాదు. మన జిల్లాలో ఇంత మంచి నేత పెట్టుకొని ఈ గొంగళి ముక్క ఏంటన్నాడు. పోచంపల్లి పోయి సిల్కు ముక్క తెచ్చాడు. ఎర్రటి నేల, తెల్ల డైమండ్లు, మధ్యలో నల్ల గీతలు. నిజంగా కళ్లు తిప్పుకోలేని బట్ట. రాత్రంతా కూర్చొని తెల్ల జిగురుతో అతికించాడు.

సూర్యాపేటలో ఒక నిశ్చితార్థం. పెద్దమనుషుల టేబుల్ దగ్గర కూర్చొని మూడు బిళ్లల ట్రిక్కు మొదలుపెట్టాడు. సిల్కుకు నూగు ఉండదు కదా, పెట్టిన బిళ్ల పెట్టినచోట ఆగలేదు. ఆగింది పోయి తెల్ల డైమండ్ మీద ఆగింది. ఇక్కత్‌లో దారానికి ముందే ముడులేసి రంగద్ది ఆ తర్వాత నేస్తారు, అందుకే బొమ్మ అంచు గీత గీసినట్టు ఉండదు, రంగులోకి రంగు పాకినట్టు ఉంటుంది. చీరకు అదే అందం. కానీ దాని మీద పెట్టిన వెండి రంగు బిళ్ల చూపుకు దొరకదు. రెండు బిళ్లలున్నాయో మూడున్నాయో టేబుల్ చుట్టూ ఎవరికీ అర్థం కాలేదు. ఎక్కడుందో తెలియని వస్తువు మాయమైతే ఎవరు ఆశ్చర్యపోతారు బిడ్డా?

అంతలో చివర కూర్చున్న ఒకామె వంగి బట్టను తడిమి చూసింది. “ఇది మన పోచంపల్లిదే కదా, గజం ఎంత పడింది?” అంది. పక్కాయన బంధువులు నేతపనివాళ్లట, ముడులు ఎట్లా వేస్తారో చెప్పడం మొదలుపెట్టాడు. టేబుల్ మొత్తం చీరల మీదికి పోయింది. మీ బాపు అరచేతిలో బిళ్ల పట్టుకొని అట్లాగే నవ్వు ముఖంతో కూర్చున్నాడు. ఇంక లాభం లేదని పత్తాలు తీసి ఒక్క ఊపున పరిచాడు. ఆ జిగురు పలచటి సిల్కులోంచి పైకి ఊరి గట్టిపడి ఉంది. పరుచుకుంటూ వచ్చిన పత్తాలు ఆ గరుకు దగ్గర తట్టుకొని కుప్పపడ్డాయి. చివర్లో చూపించడానికి తిరగేసి దాచిన ముక్క అందరి ముందూ బయటపడింది. పిల్లలు కేకలు వేశారు.

మ్యాట్ మడిచి చంకలో పెట్టుకొని, చేతులు కడుక్కునే నల్లాల దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. నా చేతుల కంటే వాడి చేతులు మంచివి, ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆ రాత్రి తప్పు చేతులది కాదు, బట్టదీ జిగురుదీ. ఎన్నిసార్లు చెప్పినా వాడి చెవికెక్కలేదు. తర్వాత తాళ్లు, రుమాళ్ల ట్రిక్కులు దూరంగా నిలబడి చేశాడు గానీ, టేబుల్ దగ్గర కూర్చోవడం దాదాపు మానేశాడు. నీ మ్యాట్ గురించి వినగానే నాకు ఆ నల్లాలే గుర్తొచ్చాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, కసురుకుంటున్నానని అనుకోకు.

పోచంపల్లిని తక్కువ చేస్తున్నానని కూడా అనుకోవద్దు. 2005లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిన నేత అది, నువ్వు దాన్ని వెంట తీసుకుపోవాలనుకోవడం నాకు గర్వమే. ఆ ముక్కతో మ్యాట్ పెట్టుకునే సంచి కుట్టించు, లేదంటే కోటు కుట్టించుకొని వేసుకో. అప్పుడు గజం ఎంత అని ఎవరైనా అడిగితే నింపాదిగా చెప్పొచ్చు.

ఇక మ్యాట్ సంగతి. అడుగున నియోప్రిన్ వెయ్యి. మౌస్ ప్యాడ్ కింద ఉండే రబ్బరు లాంటిదే, చల్లటి నీళ్లలో ఈదేవాళ్ల సూట్లు కూడా దాంతోనే కుడతారు. మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లు చాలు. మామూలు స్పంజి నొక్కినచోట గుంటపడి అట్లాగే ఉంటుంది. పైన నూగు పొట్టిగా ఉన్న వెల్వెట్ గానీ, స్వెడ్ లాంటి బట్ట గానీ వెయ్యి. నూగు పొడుగైతే పత్తాలు పరుచుకోవు. షాపులోనే ఒక పేక తీసి బట్ట మీద పరిచి చూడు, వాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకు. తెల్ల జిగురు జోలికి పోకు. రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు మధ్యలోంచి అంచులకు నొక్కుకుంటూ పో. కిటికీలు తెరిచిపెట్టుకో. అంచు కత్తెరతో కోయకు. ఇనుప స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో మెల్లమెల్లగా నాలుగైదుసార్లు గీస్తే తెగుతుంది. అంచుకు పీకో చేయించకు, ఆ కుట్టు దగ్గర పత్తాలు ఆగుతాయి.

సైజు 11 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడుగు. మొత్తం పేక అందులో బొటాబొటిగా పడుతుంది, సంచిలోనూ పడుతుంది. 16, 23 అంగుళాల పెద్దది ఇంట్లో ప్రాక్టీసుకు బాగుంటుంది. పెళ్లి టేబుళ్ల మీద ప్లేట్లు, నీళ్ల సీసాల మధ్య దానికి చోటు ఇవ్వరు.

రంగు నలుపు మంచిదని వీడియోల్లో చూసి ఉంటావు. మాట నిజమే, బిళ్లయినా పత్తా అయినా నలుపు మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కానీ మనవాళ్ల పెళ్లిలో పెళ్లికూతురు ముందు నల్ల బట్ట పరిస్తే ఎవరో ఒక పెద్దావిడ ముఖం చిట్లిస్తుంది, ఆమె ముఖం చూసి టేబుల్ అంతా బిగుసుకుపోతుంది. ముదురు ఆకుపచ్చ తీసుకో. ఎర్ర వీపు పత్తాలైనా, నీలం వీపు పత్తాలైనా దాని మీద తేటగా కనిపిస్తాయి. మెరూన్ అయితే ఎర్ర పత్తాలు కలిసిపోతాయి.

చిన్నప్పుడు మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు పోయినప్పుడు గారడీ ఆయన ఒకాయన అతుకుల గోనెపట్టా పరిచేవాడు. పట్టా పరవగానే జనం దాని అంచు దగ్గర ఆగిపోయేవాళ్లు. ఎవరూ వెనక్కి జరగమని చెప్పలేదు. మూడు గిన్నెలు దాని మీద బోర్లించేదాకా ఎవరి చూపూ పక్కకు పోయేది కాదు. ఆ పట్టాకు రంగూ లేదు, బొమ్మా లేదు. నేను నేర్చుకున్నదాంట్లో సగం అక్కడిదే.

ఫంక్షన్ హాల్లో టెంట్‌హౌస్ వాళ్లు బల్లల మీద శాటిన్ గుడ్డ వేస్తారు. నీ మ్యాట్ శాటిన్‌ను పట్టుకునే ఉంటుంది గానీ ఆ శాటిన్ బల్ల మీద జారుతుంది. పత్తాలు పరిచే ఊపుకు మొత్తం కదిలి ఎవరి ఒళ్లోనో నీళ్ల గ్లాసు పడుతుంది. ముందే గుడ్డను బల్ల అంచుకు క్లిప్పులతో బిగించు. భోజనాలు వడ్డిస్తున్నప్పుడు సంచిలోంచి మ్యాట్ బయటికి తియ్యకు. అక్షింతలు పడ్డ చేతులతో పిల్లలు బట్ట ముట్టుకుంటే పసుపు పట్టేస్తుంది, ఉతికితే అతుకు ఊడుతుంది. నూలు పోగులు, దుమ్ము అయితే సెల్లో టేపు చేతికి తిప్పి చుట్టుకొని అద్దితే వచ్చేస్తాయి.

ఎండలో స్కూటీ డిక్కీలో పెట్టకు. మన నల్గొండ మే నెల నీకు కొత్తా? రబ్బరు వంకర పోతుంది, జిగురు వదులుతుంది. అట్ట మీద పరిచి తీసుకుపో. చుట్టక తప్పకపోతే బట్ట బయటి వైపుకు వచ్చేలా చుట్టు, అప్పుడు పరిచాక మూలలు పైకి లేవవు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. ఆకుపచ్చ బట్ట, పత్తాలు, చుట్టూ మగవాళ్లు. ఎవడో ఒకడు జేబులోంచి ఐదు వందల నోటు తీసి “ఈ ముక్క కనిపెడితే నీకిది” అంటాడు. నవ్వుతూనే అంటాడు. మ్యాట్ మీద పందెం డబ్బు పడనివ్వకు, నోటు ట్రిక్కుకు కావాలంటే నీ నోటే వాడు. పేకాట కేసు అంటే ఇక్కడ మామూలు విషయం కాదు, పైగా పదిమంది చేతుల్లో ఫోన్లు వీడియో తీస్తుంటాయి. మీ బాపుకు ఈ సంగతి చెప్పి భయపెట్టకు, అయితే ఆ రోజు నీ వెంట రమ్మని నువ్వే పిలువు. పిలవకపోతే వాడు రాడు, గేటు బయటే నిలబడతాడు.

హాలు టేబుళ్లు గుండ్రమా, పొడుగా, వాటి ఎత్తు ఎంతో కనుక్కొని నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం మెటీరియల్ తీసుకొని ఇంటికి రా, స్కేలూ బ్లేడూ నా దగ్గరున్నాయి. కోయడం నువ్వే కొయ్యి, నేను పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
మీ పెద్దబాపు