3,4,9 ఎందుకు తప్పు, 2,7,8 ఎందుకు ఒప్పు?

తమ్ముడూ, కర్బన సమ్మేళనానికి పేరు పెట్టే లెక్కలో పది కార్బన్ల గొలుసుకు మూడు మిథైల్ గ్రూపులు (ఒక్క కార్బన్ కొమ్మలు) ఉన్నాయి, అవి ఎన్నో కార్బన్ల దగ్గర ఉన్నాయో ఒకవైపు నుంచి లెక్కిస్తే 2,7,8, ఇంకోవైపు నుంచి 3,4,9 వస్తున్నాయన్నావు. కూడితే మొదటిది 17, రెండోది 16. తక్కువ వచ్చిందే రాసినా ఎందుకు కొట్టేశారని నీ బాధ.

ఇంటర్‌లో నేనూ అట్లే రాసి మార్కు పోగొట్టుకున్నా. మాకు ట్యూషన్‌లో కూడి చూడమనే చెప్పారు. చాలా లెక్కల్లో ఆ పద్ధతికీ సరైన జవాబే వస్తుంది కాబట్టి అనుమానం రాదు. కానీ రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐయుపిఏసి నియమంలో కూడిక లేనేలేదు. రెండు వరసలూ పక్కపక్కన రాసుకుని మొదటి అంకె నుంచి పోల్చుకుంటూ పో. తేడా మొదట ఎక్కడ వస్తే అక్కడ చిన్న అంకె ఉన్న వరసే తీసుకోవాలి. తర్వాతి అంకెలు ఎంత పెద్దవైనా పట్టించుకోవద్దు. ఇక్కడ 2, 3 దగ్గరే తేలిపోయింది: 2,7,8-ట్రైమిథైల్‌డెకేన్. పెట్రోలు ఆక్టేన్ నంబరుకు 100గా పెట్టుకున్న ఐసోఆక్టేన్‌ను చూడు. 2,2,4నా, 2,4,4నా? మొదటి అంకె సమానం, రెండోదాని దగ్గర తేలుతుంది. 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్.

నంబర్లకన్నా ముందు అన్నిటికన్నా పొడవైన గొలుసును సరిగ్గా పట్టుకోవాలి, అసలు పొరపాటు చాలామందికి అక్కడే. కడపలో మా ఇంటి నేలంతా నల్ల బండలే. అమ్మ చింతపండు కొట్టి తీసిన గింజలను వాటిమీద కార్బన్లుగా పేర్చి, సుద్దతో గీతలు కలిపేవాణ్ణి. ఒకసారి 2-ఇథైల్‌పెంటేన్ అని పేరు పెట్టా, అంటే ఐదు కార్బన్ల గొలుసుకు రెండు కార్బన్ల కొమ్మ. తర్వాత వేలు ఎత్తకుండా ఒక్కో గింజ మీదుగా పోతూ కొమ్మలోకి తిప్పితే ఆరు గింజలొచ్చాయి! అది 3-మిథైల్‌హెక్సేన్. గొలుసు అడ్డంగానే ఉండాలని ఎవరూ అనలేదు, కాగితం మీద అట్లా గీయడం మన అలవాటు, అంతే.

నువ్వు తెలుగు మీడియం అన్నావు గనక ఇంకొకటి. గ్రూపుల పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో రాయాలి. మన వర్ణమాలలో 'క' ముందు, 'బ' తర్వాత కాబట్టి క్లోరో ముందు రాయాలనిపిస్తుంది. ఇంగ్లీషులో బ్రోమోదే ముందు. రెండువైపుల నుంచీ 1,3 అనే వస్తే చిన్న అంకె కూడా దానికే: 1-బ్రోమో-3-క్లోరోప్రొపేన్. డై, ట్రై లాంటివి అక్షరక్రమంలో లెక్కలోకి రావు. అందుకే ఇథైల్ తర్వాతే డైమిథైల్: 4-ఇథైల్-2,2-డైమిథైల్‌హెప్టేన్.

ఈ చివరిదాన్ని గింజలతో పేర్చి, రెండువైపుల నుంచీ లెక్కించి చూడు. అటునుంచి 4,6,6 రావాలి.