నాలుగు లైన్ల ప్యాచ్ రివ్యూ రెజ్యూమేలో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది, ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. లినక్స్ స్టోరేజ్ డ్రైవర్లను పరీక్షించే బ్లాక్‌టెస్ట్స్‌లో ఒక చిన్న ఫిక్స్ (ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు) రివ్యూ చెయ్యమన్నారు. నల్‌బ్లాక్ (పరీక్షల కోసం వాడే ఉత్తుత్తి డిస్క్) డ్రైవర్ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే బిల్టిన్‌గా ఉంటే ఒక టెస్ట్ ఫెయిల్ అవుతోంది, ప్యాచ్ దాన్ని స్కిప్ చేస్తోంది. అంతా కలిపి నాలుగు లైన్ల బ్యాష్. ఏం చూడాలి? షెల్ స్క్రిప్ట్ కూడా కోడింగేనా అని ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనీ తమ్ముడూ, వాళ్లలో ఎంతమంది కెర్నల్ బిల్డ్ చేసి బూట్ చేశారో ఒకసారి అడుగు.

ముందు ఆ టెస్ట్‌ని రెండు కెర్నల్స్ మీద నడుపు, ఒకదాంట్లో నల్‌బ్లాక్ మాడ్యూల్‌గా (కావలసినప్పుడు ఎక్కించి, దించగలిగే విడి ముక్కగా), ఇంకోదాంట్లో బిల్టిన్‌గా. బిల్టిన్ డ్రైవర్‌ని మోడ్‌ప్రోబ్ (మాడ్యూల్స్ ఎక్కించి, దించే కమాండ్) వాడి తీసేసి కొత్త పారామీటర్లతో మళ్లీ ఎక్కించడం కుదరదు, గొడవంతా అక్కడే. మొదటిదాంట్లో 'పాస్డ్', రెండోదాంట్లో 'నాట్ రన్' వస్తే ప్యాచ్ చెప్పిన పని చేస్తున్నట్టే. కానీ రివ్యూ అక్కడితో అయిపోలేదు, అసలు స్కిప్ చెయ్యాల్సిన అవసరం ఉందా అని అడగాలి, ఎందుకంటే నల్‌బ్లాక్ డివైస్‌ని కాన్ఫిగ్‌ఎఫ్ఎస్ (కెర్నల్ సెట్టింగ్స్‌ని ఫోల్డర్లు, ఫైళ్ల రూపంలో మార్చే దారి) ద్వారా కూడా తయారు చేసుకోవచ్చు, దానికి మాడ్యూల్‌ని తీసి పెట్టక్కర్లేదు. ఆ టెస్ట్‌కి కావలసిన సెట్టింగ్ అక్కడ దొరికితే బిల్టిన్ కెర్నల్ మీద కూడా నడుస్తుంది. ఫెయిలైన టెస్ట్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు, స్కిప్ అయినదాన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే స్కిప్ అనే మాట కనిపిస్తే నాకు అనుమానం.

నడిపి చూడటం వరకే చేస్తే 'టెస్టెడ్-బై' (ప్యాచ్ మెసేజ్‌లో నీ పేరుతో చేరే లైన్) ఇవ్వు. కోడ్ చదివి, నీ సందేహాలు తీరాకే 'రివ్యూడ్-బై'. మొహమాటానికి ఇవ్వకు, ప్యాచ్ తీసుకున్నాక ఆ లైన్ నీ పేరుతో గిట్ చరిత్రలో ఉండిపోతుంది.

రెజ్యూమేలో తప్పకుండా పెట్టు, కాకపోతే 'ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్' అని గొప్పగా కాదు. ఏ టెస్ట్, ఏ రెండు కాన్ఫిగరేషన్లు, నువ్వు అడిగిన ప్రశ్న ఏంటి, రెండు లైన్లలో రాయి. స్టోరేజ్ టీమ్ ఇంటర్వ్యూలో నిన్ను అక్కడే పట్టుకుంటారు, పట్టుకోవాలనే కదా మనం రాసేది.

ఇంకోటి, ఇవన్నీ వర్చువల్ మెషీన్‌లోనే చెయ్యి. బ్లాక్‌టెస్ట్స్ రూట్‌గా నడుస్తుంది, కాన్ఫిగ్‌లో టెస్ట్ డివైస్ అని పొరపాటున నీ ల్యాప్‌టాప్ డిస్క్ పేరు రాశావంటే ప్రాజెక్ట్ రిపోర్ట్‌తో సహా మొత్తం పోతుంది.