వేగం లేకపోయినా దక్షిణ కొరియా పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ర్యూ హ్యున్-జిన్ అమెరికా బేస్‌బాల్‌లో ఎలా నెగ్గుకొచ్చాడు?

అతని బలం కంట్రోల్, ఛేంజప్. మన క్రికెట్‌లో స్లోయర్ బాల్ లాంటిదే ఈ ఛేంజప్: చెయ్యి అదే ఊపుతో తిరుగుతుంది, బంతి మాత్రం ఆలస్యంగా వస్తుంది, బ్యాటర్ ముందే బ్యాట్ ఊపేస్తాడు. కొరియా జట్టు హన్వా ఈగల్స్‌లో చేరిన కొత్తలో సీనియర్ కూ డే-సంగ్ దగ్గర ర్యూ దీన్ని నేర్చుకున్నాడు. ఆ మొదటి సీజన్‌లోనే, 2006లో, 18 విజయాలు, 204 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం) సాధించాడు. కొరియా లీగ్‌లో ఒకే ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు, ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డులు రెండూ అందుకున్న మొదటివాడు అతనే. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో క్యూబాపై తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా బంతి వేశాడు, కొరియాకి స్వర్ణం వచ్చింది.

2013లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున 14 మ్యాచ్‌లు గెలిచాడు. 2015లో భుజానికి సర్జరీ. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ ఆడలేదు, మరుసటి ఏడాది ఒక్కటే ఆడాడు. పిచర్‌కి భుజం పోతే కెరీర్ అయిపోయినట్టే అనుకుంటారు. అలాంటిది 2019లో 2.32 ఈఆర్ఏతో, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులకి కాస్త పైన మాత్రమే ఇచ్చి, మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్) మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. నా దృష్టిలో అతని అసలు గొప్పదనం ఇదే.

తర్వాత అదే లీగ్‌లోని టొరంటో జట్టుకి మారాడు. 2022లో మోచేతికి మళ్లీ సర్జరీ అయింది, 2023లో తిరిగొచ్చాడు. 2024లో సొంత జట్టు హన్వాతో ఎనిమిదేళ్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు.